ప్లాస్టిక్ నమూనాలకు తుది మెరుగు: మన ఊరి గాలినీ నీటినీ లెక్కలోకి తీసుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ప్లాస్టిక్ స్కేల్ మోడళ్ల తయారీపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. విమానాలు, యుద్ధనౌకలు, ట్యాంకులు, కార్ల సూక్ష్మ నమూనాలను కిట్‌లోని విడిభాగాలతో కూర్చి, రంగులు వేసి, అసలు వస్తువును కళ్లకు కట్టేలా తీర్చిదిద్దే ఈ పనికి ఒక తెలుగు దినపత్రిక అర పేజీ కేటాయించడం అరుదైన విషయం. అందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసంలోని ఒక సూచనను పాటిస్తే కిట్ పాడైపోతుంది. మరికొన్ని సూచనలు చల్లని దేశాల్లో చెల్లుతాయి గానీ హైదరాబాద్‌లో చెల్లవు. సెలవుల్లో పిల్లలూ, ఉద్యోగాలు చేసుకుంటున్న యువకులూ ఆ వ్యాసాన్ని చూసే పని మొదలుపెట్టి ఉంటారు కనుక, చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్న పాఠకుడిగా కొంత వివరంగా రాస్తున్నాను.

ముందు సవరించవలసిన సూచన సంగతి. భాగాలను అతికించే ముందు పెయింట్ దుకాణంలో దొరికే థిన్నర్‌తో తుడవాలని వ్యాసం చెప్పింది. రాణిగంజ్‌లో గానీ, మన వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో గానీ థిన్నర్ అని అడిగితే సాధారణంగా చేతికిచ్చేది ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్. అందులో టోలుయీన్, అసిటోన్, ఎస్టర్ల వంటి ఘాటైన ద్రావణులు ఉంటాయి. కిట్ భాగాలు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి, ఆ ద్రావణులు పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, రెక్క మీద సన్నగా చెక్కిన గీతలు, రివెట్ల చుక్కలు మెత్తబడి చెరిగిపోతాయి. పారదర్శకమైన కాక్‌పిట్ మూత శాశ్వతంగా మసకబారుతుంది, సన్నని భాగాల్లో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడి తరువాత ఎప్పుడో విరుగుతాయి. భాగాలను శుభ్రం చేయాలన్న మాట మాత్రం నిజమే, ఎందుకంటే అచ్చు నుంచి తేలిగ్గా ఊడి రావడానికి వాడే నూనె పదార్థం వాటి మీద ఉండిపోతే రంగు పట్టదు. అందుకు గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్ సరిపోతాయి. నీళ్లు వేడిగా ఉండకూడదు, సన్నని భాగాలు వంకర పోతాయి. ఈ ఒక్క సవరణనైనా వచ్చే సంచికలోనే ప్రచురించమని కోరుతున్నాను. విదేశాల నుంచి వచ్చే కిట్లు సుంకాలతో కలిపి ఖరీదైనవి, ఒక విద్యార్థి పాకెట్ మనీ కూడబెట్టి కొన్నదాన్ని మొదటి మెట్టులోనే పోగొట్టుకోకూడదు.

ఆ కరిగే గుణాన్నే అదుపులో పెట్టి వాడుకోవడం అతికింపు. మోడళ్ల కోసం తయారుచేసిన, సిమెంట్ అని పిలిచే పల్చటి అతికింపు ద్రవం నిజానికి జిగురు కాదు, ద్రావణి. రెండు ముక్కలను జోడించి పట్టుకుని, అతుకు అంచుకు బ్రష్ మొన తాకిస్తే ద్రవం కేశనాళిక గుణం వల్ల తనంతట తానే లోపలికి పాకుతుంది. రెండు వైపులా ప్లాస్టిక్ పైపొర కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది, ద్రావణి ఆవిరయ్యాక మిగిలేది ఒకే ముక్క. విమానం దేహం రెండు సగాలుగా వస్తుంది. సిమెంట్ తాకించిన కొద్ది క్షణాలకు వాటిని మెల్లగా ఒత్తితే కరిగిన ప్లాస్టిక్ అతుకు పొడవునా సన్నని గట్టులా పైకి ఉబుకుతుంది. దాన్ని వెంటనే తుడవకూడదు. కనీసం ఒక రోజు, మందమైన అతుకు అయితే రెండు మూడు రోజులు ఆరనిచ్చి, అప్పుడు బ్లేడు వీపుతో గీకి తీస్తే అతుకు ఉన్న చోటే తెలియదు. చాలా చోట్ల లప్పం పెట్టే అవసరం కూడా రాదు. తొందరపడి ఆ రోజే ఉప్పుకాగితంతో రాస్తే ఉపరితలం అప్పటికి చదునుగా కనిపిస్తుంది గానీ, లోపల చిక్కుకున్న ద్రావణి ఆరే కొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుని, రంగు వేసిన కొన్ని వారాల తరువాత అదే చోట సన్నని కాలువ పడుతుంది. పూర్తయిన నమూనా మీద ఆ గీత తేలితే పని మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే అతికించిన దేహాన్ని పక్కన పెట్టి, ఆ సమయంలో చక్రాలు, కాక్‌పిట్ లోపలి భాగాలు, చిన్న పనులు చూసుకోవడం ఈ పనిలో అలవరచుకోవలసిన మొదటి క్రమశిక్షణ అని నా అభిప్రాయం.

రెక్క దేహాన్ని కలిసే చోట నిజంగా సందు ఉంటే లప్పం తప్పదు. ద్రావణి కలిసిన లప్పం ఆరేటప్పుడు కుంగుతుంది కనుక ఒకేసారి మందంగా కాక పల్చగా రెండు మూడు సార్లు పెట్టాలి. సూపర్ గ్లూ కుంగదు గానీ ఒక రోజు గడిస్తే ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. అప్పుడు రాస్తే చుట్టూ ఉన్న మెత్తని ప్లాస్టిక్ అరిగి, గ్లూ గుట్టలా మిగులుతుంది, కాబట్టి పెట్టిన గంట రెండు గంటల్లోనే చదును చేయాలి. అది గాలిలోని తేమతో గట్టిపడే పదార్థం కనుక మన శ్రావణ మాసంలో వేసవిలో కంటే త్వరగా పట్టేస్తుందని గుర్తుంచుకోవాలి. దాని ఆవిరి పారదర్శక భాగాల మీద తెల్లని పొగలా పేరుకుంటుంది. కాక్‌పిట్ మూతను అతికించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే క్షేమం, అది ఆరాక పారదర్శకమవుతుంది, పొరపాటున అంటితే తడి గుడ్డతో పోతుంది.

ఉపరితలాన్ని రాపిడి చేయడానికి వ్యాసం ఉప్పుకాగితం అని మాత్రమే చెప్పింది. వడ్రంగి వాడే ఉప్పుకాగితం పెట్టే గీరలు ఎన్ని పొరల రంగు వేసినా దాగవు. కార్లకు రంగు వేసేవారు వాటర్ పేపర్ అనేదాన్ని తీసుకుని, నీళ్లలో ముంచి, 400 నంబర్‌తో మొదలుపెట్టి 600, 1000 మీదుగా వెళ్లాలి, నిగనిగలాడే రంగు వేసే కారుకైతే 2000 దాకా. ఒక్కొక్క నంబర్ పని తన ముందు నంబర్ పెట్టిన గీరలను తీసేయడం మాత్రమే, మధ్యలో ఒకటి వదిలేస్తే ఆ గీరలు మిగులుతాయి. తడిగా రాయడం వల్ల ప్లాస్టిక్ ధూళి గదిలో లేవదు. అలా రాసేటప్పుడు చెరిగిన ప్యానెల్ గీతలను, అంటే రేకుల అతుకులను చూపే సన్నని గీతలను, మళ్లీ చెక్కుకోవాలి. దానికి మందపాటి అంటుడు టేపు అంచును ఆధారం చేసుకుని, సూది మొనను మన వైపుకు, ఒత్తిడి లేకుండా నాలుగైదు సార్లు లాగాలి. మొదటి లాగుడులోనే లోతు కావాలనుకుంటే మొన పక్కకు జారుతుంది. 11 నంబర్ సర్జికల్ బ్లేడు, దంతవైద్యులు వాడే సన్నని కొక్కెం లాంటి పరికరం కోఠిలోని సర్జికల్ దుకాణాల్లో దొరుకుతాయి, ఈ పనికి అంతకంటే ఖరీదైనవి అక్కర్లేదు.

ఇక రంగు. వ్యాసంలోని సూచనలు మన ఊరికి సరిపడనిది ముఖ్యంగా ఇక్కడే. కిట్ పెట్టె మీదా, రంగు సీసాల మీదా అచ్చయ్యే సూచనలు ఎక్కువగా సమశీతోష్ణ దేశాల గదులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. జూన్ రెండో వారం నుంచి సెప్టెంబర్ దాకా గాలి నిండా తేమ. ఒకే రంగు, గాలితో రంగు చల్లే ఒకే ఎయిర్‌బ్రష్, ఒకే చెయ్యి ఈ రెండు కాలాల్లో రెండు రకాల ఫలితాలు ఇస్తాయి. మన దగ్గర కొత్తగా మొదలుపెట్టినవారు తమ చేతిలో పనితనం లేదని నిరాశపడి మానేయడానికి వాతావరణమే కారణమైన సందర్భాలు నేను చాలా చూశాను.

వేసవిలో ఆక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ ముక్కు నుంచి బయలుదేరి ప్లాస్టిక్‌ను చేరేలోపే సగం ఆరిపోతుంది. తడి బిందువులుగా పడి ఒకదానితో ఒకటి కలిసిపోవలసినది పొడిగా, ఇసుక చల్లినట్టు గరుకుగా మిగులుతుంది. ముక్కు చివర రంగు గడ్డకట్టి, ఉన్నట్టుండి ఒక ముద్ద ఎగిరి పడుతుంది. దీనికి మందు గాలి ఒత్తిడి పెంచడం కాదు, అది ఆరడాన్ని ఇంకా వేగవంతం చేస్తుంది. రంగులో ఆరుదలను నెమ్మదింపజేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలపాలి, రంగును పాలంత పల్చగా చేయాలి, ఒత్తిడిని 15 పీఎస్‌ఐ దాపుకు తగ్గించాలి, ముక్కును నమూనాకు ఐదారు సెంటీమీటర్ల దూరంలోకి తేవాలి. అన్నిటికంటే తేలికైన ఉపాయం తెల్లవారుజామున పని చేయడం. ఫ్యాన్ ఆపివేయాలి, ఎందుకంటే గాలి రంగును ఎండబెట్టడమే కాక మన రోడ్ల ధూళిని తెచ్చి తడి రంగు మీద వేస్తుంది. రంగు వేసిన వెంటనే నమూనా మీద ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించే అలవాటు ధూళి బాధను చాలావరకు తీరుస్తుంది.

వర్షాకాలపు బాధ వేరు. లాకర్ రంగుల్లో, అంటే ఘాటైన థిన్నర్‌తో పల్చబడే రంగుల్లో, ద్రావణి వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ చల్లదనానికి నీటి ఆవిరి రంగు పొరలోకి దిగి, ఆరాక నలుపు బూడిద రంగులోకి, నిగనిగలాడే వార్నిష్ పాలమీగడ రంగులోకి తిరుగుతుంది. దీన్ని చూసి మొత్తం రంగు గీకేసిన మిత్రులున్నారు. చాలాసార్లు అంత అవసరం ఉండదు. నెమ్మదిగా ఆరే లాకర్ థిన్నర్‌ను, అదీ మోడళ్ల కోసం తయారైనదాన్నే, రంగు కలపకుండా చాలా పల్చగా దాని మీద చల్లితే పొర తిరిగి మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, రంగు మళ్లీ తేటపడుతుంది. వాన పడుతున్న రోజున వార్నిష్ జోలికి పోకపోవడమే మేలు. తప్పనిసరైతే కాసేపు ఏసీ వేసి గదిలో తేమ తగ్గించుకోవాలి. ఎయిర్‌బ్రష్‌కు గాలినిచ్చే కంప్రెసర్‌లోనూ నీరు చేరుతుంది, ఎందుకంటే గాలిని అదిమితే అందులోని తేమ ద్రవమై ట్యాంకులో, గొట్టంలో నిలుస్తుంది. వర్షాకాలంలో గొట్టానికి తేమ పట్టే సీసా లేకుండా రంగు వేస్తే, చక్కగా సాగుతున్న పని మధ్యలో ఒక నీటి బొట్టు వచ్చి రెక్క మీద గుండ్రని మచ్చ పెడుతుంది. ఎయిర్‌బ్రష్ కొనేవారు ముక్కు సైజు గురించి ఎంత ఆలోచిస్తారో ఈ సీసా గురించీ అంత ఆలోచించాలి. 0.3 మి.మీ. ముక్కు దాదాపు అన్ని పనులకూ సరిపోతుంది.

వ్యాసం అసలు ప్రస్తావించని, నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణమైన విషయం పొరల క్రమం. పూర్తయిన ఒక నమూనా మీద ప్రైమర్, మూల రంగు, క్లియర్ అనే నిగనిగలాడే రంగులేని వార్నిష్, డెకాల్ గుర్తులు, మళ్లీ క్లియర్, గీతల్లోకి పారించే వాష్ అనే బాగా పల్చని రంగు, నూనె రంగుల మరకలు, చివర మెరుపు లేని మ్యాట్ వార్నిష్ ఇలా ఏడెనిమిది పొరలు ఉంటాయి. పై పొరలోని ద్రావణి కింది పొరను కరిగించకూడదన్నదే వీటన్నిటినీ కలిపి ఉంచే నియమం. లాకర్ ద్రావణి అన్నిటికంటే ఘాటైనది, అది కిందికి పోవాలి. ఆక్రిలిక్ దాని మీద నిలుస్తుంది. ఎనామెల్, నూనె రంగులు తెల్ల స్పిరిట్‌తో (పెట్రోలియం నుంచి తీసే వైట్ స్పిరిట్‌తో) పల్చబడేవి, ఆ స్పిరిట్ ఆరిన ఆక్రిలిక్‌నూ లాకర్‌నూ ఏమీ చేయదు. కాబట్టి ఆక్రిలిక్ క్లియర్ పొర మీద ఎనామెల్ వాష్ పూసి, అరగంట తరువాత స్పిరిట్ తడిపిన బడ్స్‌తో అదనంగా ఉన్నదంతా తుడిచివేయవచ్చు, గీతల్లో ఉన్నది మాత్రమే మిగులుతుంది, కింది రంగు చెక్కుచెదరదు. అదే వాష్‌ను ఎనామెల్ మూల రంగు మీద నేరుగా పూస్తే తుడిచేటప్పుడు మూల రంగూ లేచి వస్తుంది. తెల్ల స్పిరిట్ బదులు కిరసనాయిలు వాడవచ్చని కొందరు చెబుతారు, నేను వాడవద్దంటాను. అది జిడ్డు పొర వదులుతుంది, దాని మీద వేసే మ్యాట్ వార్నిష్ మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటాయిల్ దానికంటే నయం, అయినా ముందుగా ఒక పాత ముక్క మీద పరీక్షించుకోవాలి. రంగు ఊడిన మచ్చలు చూపించే హెయిర్ స్ప్రే పద్ధతీ ఈ సూత్రం మీదే నడుస్తుంది. లోహం రంగు లాకర్ మీద హెయిర్ స్ప్రే, దాని మీద నీటితో పల్చబడే ఆక్రిలిక్ వేసి, అరగంటకు నీళ్లలో ముంచిన బిరుసు బ్రష్‌తో రుద్దితే అడుగున హెయిర్ స్ప్రే కరిగి పై రంగు పెచ్చులుగా లేస్తుంది. పై రంగును లాకర్ థిన్నర్‌తో పల్చన చేస్తే అది గట్టిగా పట్టుకుపోయి లేవదు, అప్పుడు తప్పు బ్రష్ మీదికి పోతుంది.

డెకాల్, అంటే నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే గుర్తులు, మ్యాట్ రంగు మీద నేరుగా పెడితే చుట్టూ వెండి పూత పూసినట్టు మెరుస్తాయి. మ్యాట్ రంగు గరుకుగా ఉంటుంది, ఆ గరుకులో గాలి చిక్కుకుని వెలుతురును చెదరగొడుతుంది. నున్నని క్లియర్ పొర ఉంటే గాలికి చోటు ఉండదు. గీతల మీద అది అణిగి కూర్చోవడానికి మెత్తబరిచే ద్రవం పూసినప్పుడు డెకాల్ ముడతలు పడి భయపెడుతుంది. అప్పుడు ముట్టుకోకూడదు, ఆరే కొద్దీ దానంతట అదే సాగి సర్దుకుంటుంది. మన ఊరికి సంబంధించిన సంగతి ఇక్కడ ఒకటుంది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కనుక డెకాల్ అంచుల్లో ఆరిన నీరు తెల్లని చారలు వదులుతుంది, మ్యాట్ వార్నిష్ కింద అవి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొని పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

సాంకేతికం ఎంత తెలిసినా కొలత మరిచిపోతే నమూనా బొమ్మలాగే మిగులుతుంది. 1/72 స్కేల్ అంటే అసలులో ఆరు అడుగులు నమూనాలో ఒక అంగుళం. నమూనా మీద బ్రష్‌తో వేసిన రంగు 0.1 మి.మీ. మందం ఉంటే అసలు విమానం మీద ఏడు మిల్లీమీటర్ల మందాన రంగు పూసినట్టు. ప్యానెళ్ల మధ్య అసలులో ఒక మిల్లీమీటరు సందు ఉంటే 1/72లో అది 0.014 మి.మీ., ఏ కంటికీ కనిపించదు. మనం గీతల్లో వాష్ పారించడం నిజాన్ని అనుకరించడం కాదు, దూరం నుంచి చూసినప్పుడు అక్కడ పడే నీడను సూచించడం. అందుకే అక్కడ నల్లని వాష్ వాడకూడదని నేను గట్టిగా అంటాను. ఆకుపచ్చ మీద ముదురు గోధుమ, తెలుపు మీద లేత బూడిద, అదీ కంటికి తట్టీ తట్టనట్టు. రంగుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. దూరపు వస్తువు మన కంటికి గాలి పొర గుండా లేతగా కనిపిస్తుంది కనుక, అసలు రంగునే చిన్న నమూనాకు వేస్తే మరీ ముదురుగా తోస్తుంది, కొద్దిగా లేతపరచాలి. తెలుపు కలిపితే ఎరుపు గులాబీ అవుతుంది, అలాంటి రంగులకు లేత పసుపు కలిసిన గోధుమ మేలు.

హైదరాబాద్‌వారికి దీనికి ఉదాహరణగా చెప్పదగిన విమానం ఒకటుంది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు ఉండేది, దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1940లో జర్మనీతో గగనతలంలో జరిగిన బ్రిటన్ యుద్ధంలో ఆ దళం ఇంగ్లాండ్‌లోని వార్మ్‌వెల్ స్థావరం నుంచి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలను నడిపింది, వాటి దేహం మీద యూఎం అనే అక్షరాలుండేవి. స్పిట్‌ఫైర్ రెక్కల విస్తారం 11.23 మీటర్లు, 1/72లో 15.6 సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడే విమానం. శత్రువు కంట పడకుండా దాని పైభాగానికి వేసే కామోఫ్లాజ్‌లో గోధుమ, ఆకుపచ్చ రంగులు కలిసే అంచు ఎంత మెత్తగా ఉండాలి? అసలు మీద ఒక అంగుళం మేర రంగులు కలిశాయనుకుంటే, నమూనాలో అది 0.35 మి.మీ. మాత్రమే. ఎయిర్‌బ్రష్‌తో చేతి వాటంగా గీస్తే మూడు మిల్లీమీటర్ల పొగ అంచు వస్తుంది, అంటే అసలు మీద దాదాపు 22 సెంటీమీటర్ల మేర రంగు చిమ్మినట్టు, అలాంటి స్పిట్‌ఫైర్‌ను ఎవరూ చూడలేదు. కాబట్టి రంగు పడకుండా అడ్డుపెట్టే, మెత్తని మైనం లాంటి మాస్కింగ్ పుట్టీని సన్నని తాళ్లుగా చేసి అంచు వెంట పెట్టి, ముక్కును నిటారుగా పట్టుకుని రంగు వేయాలి. తాడు గుండ్రంగా ఉండటం వల్ల దాని ఒంపు కింద ఏర్పడే సన్నని సందులోకి కొద్దిపాటి రంగు మాత్రమే దూరి, సరిగ్గా కావలసినంత మెత్తని అంచు వస్తుంది. ఆ విమానాల కామోఫ్లాజ్ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు అమరికల్లో వేసేవారు, అడుగు భాగం రంగు ఆ ఏడాది జూన్‌లో మారింది. అందువల్ల నమూనా చేసేవారు ఏ విమానమో, ఏ నెలో ముందు నిర్ణయించుకుని ఫొటో చూసుకోవాలి. పెట్టె మీది బొమ్మను నమ్ముకోకూడదు.

ఇంకా వెనక్కి పోతే 1918లో అదే వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్.9ఏ బాంబర్ విమానాలను నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చారు. వాటిలో ఎఫ్1010 నంబరుది ఆ ఏడాది అక్టోబర్‌లో జర్మన్ల చేతికి చిక్కి, అనేక చేతులు మారి, ఇప్పుడు బ్రిటన్‌లోని ఆర్‌ఏఎఫ్ (రాయల్ ఎయిర్ ఫోర్స్) మ్యూజియంలో హైదరాబాద్ పేరుతోనే ఉంది. రెండంతస్తుల రెక్కల ఈ విమానం నేర్పరులకు కూడా పరీక్షే, ఎందుకంటే రెక్కల మధ్య తీగలన్నీ బిగించాలి. అసలు తీగ వెడల్పు ఆరు మిల్లీమీటర్లనుకుంటే 1/72లో అది 0.08 మి.మీ., దాదాపు తల వెంట్రుక మందం. కుట్టు దారం వాడితే మోకులు కట్టినట్టు ఉంటుంది. కిట్ భాగాలు వేలాడే చట్రం ముక్కను కొవ్వొత్తి సెగకు పైన, మంట తగలకుండా తిప్పుతూ మెత్తబరిచి, సెగ నుంచి తీసి చేతులతో సాగదీస్తే వెంట్రుకంత సన్నని ప్లాస్టిక్ తీగ వస్తుంది. నెమ్మదిగా లాగితే మందంగా, వేగంగా లాగితే సన్నగా. దాన్ని కొలిచి కోసి తెల్ల జిగురు బొట్టుతో అతికించాక ఎక్కడైనా వదులుగా వేలాడితే, వెలిగించిన అగరుబత్తి నిప్పును దాని దగ్గరికి, తాకకుండా, తెస్తే చాలు. ఆ వేడికి తీగ ముడుచుకుని బిగుసుకుంటుంది. క్షణం ఎక్కువైతే తెగుతుంది కనుక ఇది విడి ముక్క మీద సాధన చేశాక చేయవలసిన పని.

అసలును చూసి నేర్చుకోవాలంటే మనకు విశాఖపట్నం బీచ్ రోడ్డు ఉంది. కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం రెండూ అక్కడ ప్రదర్శనలో ఉన్నాయి. మడతల దగ్గర మురికి ఎలా చేరుతుందో, వాన నీరు ఏ దిశలో చారలు కడుతుందో, రివెట్లు వెలుతురులో ఎంత కనిపిస్తాయో అక్కడ తనివితీరా చూడవచ్చు. అయితే రంగు ఛాయను మాత్రం అక్కడి నుంచి తీసుకోకూడదు. ప్రదర్శనకు పెట్టిన వాటికి తరువాత రంగులు వేస్తారు, సేవలో ఉన్నప్పటి ఛాయకు ఆ కాలపు ఫొటోలే ఆధారం.

చివరిగా ఆరోగ్యం గురించి వ్యాసం ఒక్క ముక్కలో మాస్క్ పెట్టుకోవాలని చెప్పి వదిలేసింది, ఏ మాస్కో చెప్పలేదు. గుడ్డ మాస్క్ గానీ, కోవిడ్ రోజుల్లో వాడిన ఎన్95 గానీ రంగు తుంపరలను కొంత ఆపుతాయేమో గానీ ద్రావణి ఆవిరిని ఆపలేవు. లాకర్ చల్లేవారు యాక్టివేటెడ్ కార్బన్ గుళికలు (కార్ట్రిడ్జ్‌లు) బిగించే సగం ముఖపు రెస్పిరేటర్ వాడాలి. గుళికలను కాలానుగుణంగా మార్చాలి, మాస్క్ పెట్టుకున్నాక కూడా వాసన తెలుస్తోందంటే గుళికల పని అయిపోయినట్టే. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు తలుపులు మూసిన పడకగదిలో కాక, గాలి బయటికి పోయే కిటికీ దగ్గర పని చేయాలి. ఆ సమయంలో ఆ గదిలోనో పక్క గదిలోనో దేవుడి దగ్గర దీపం గానీ, వంటింట్లో స్టవ్ గానీ వెలుగుతూ ఉండకూడదు, ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలో, ఉబ్బసం ఉన్నవారో, గర్భిణులో ఉంటే లాకర్ మానేసి నీటితో పల్చబడే ఆక్రిలిక్‌లతోనే పని కానివ్వాలి. ఈ పేరాను కుదించవలసి వస్తే పైన స్పిట్‌ఫైర్ గురించి రాసినదాన్ని కుదించి, దీన్ని పూర్తిగా ప్రచురించమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్